బోరు నీళ్లు, ఉప్పు పూల్, ఏప్రిల్ పాచి: అనంతపురం ప్రశ్నకు నా సమాధానం

అన్నా, మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. అనంతపురం బయట మీ తోట ఇంట్లో 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న పూల్ ఉంది. గంటకు 15 గ్రాముల క్లోరిన్ తయారుచేసే ఉప్పు మెషిన్ పెట్టించారు. పంపు రోజుకు ఆరు గంటలు తిప్పుతున్నారు. ఏప్రిల్ వచ్చిందంటే నీళ్లు పచ్చబడుతున్నాయి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, రాగి ఉండే మందు) రెండుసార్లు వేశారు, పటిక వేశారు, వారం బాగుండి మళ్లీ మొదలు. మీరు పెట్టిన రీడింగులు: క్లోరిన్ 1, పీహెచ్ 8.2, ఆల్కలినిటీ (పీహెచ్ దిగకుండా అడ్డుకునే గుణం) 300, హార్డ్‌నెస్ (నీళ్లలోని సున్నం) 650, ఉప్పు 3400. పీహెచ్ కాక మిగతావన్నీ పీపీఎంలో, అంటే లీటరుకు మిల్లీగ్రాముల్లో. స్టెబిలైజర్ (క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే మందు) చూడలేదు. సెల్ (మెషిన్‌లో క్లోరిన్ తయారయ్యే భాగం) పోయింది, కొత్తది వేయాలని మెకానిక్ అంటున్నాడు.

సెల్ ఇప్పుడే కొనకండి. నేను పదహారేళ్లుగా కర్నూలు, అనంతపురం, కడప వైపు పూల్స్ చూసుకుంటున్నాను. సెల్ పోయిందని నన్ను పిలిచిన చోట్ల ఎక్కువసార్లు సెల్ బాగానే ఉంది. దాని మీద మనం పెట్టిన బరువే ఎక్కువ.

ఉప్పు పూల్ అంటే క్లోరిన్ లేని పూల్ అని చాలామంది అనుకుంటారు, అమ్మేవాళ్లూ అలాగే చెబుతారు. అది తప్పు. ఉప్పు పూల్ కూడా క్లోరిన్ పూలే. ఉప్పు అంటే సోడియం క్లోరైడ్. ఆ నీళ్లు సెల్‌లోని టైటానియం ప్లేట్ల మధ్య నుంచి పోతున్నప్పుడు కరెంటు ఆ ఉప్పులో నుంచి క్లోరిన్‌ను తీస్తుంది. అది పాచిని చంపి, ఎండకు విరిగి, మళ్లీ ఉప్పుగానే మారుతుంది. ఉప్పు ఖర్చయిపోదు, అదే తిరుగుతుంటుంది. డబ్బాలో కొనే క్లోరిన్ ఇంట్లోనే తయారవుతోంది, అంతే తేడా. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: రోజుకు ఎంత తయారవుతోంది, ఎంత ఖర్చవుతోంది?

మీ లెక్కే వేద్దాం. పూల్‌లో 70 వేల లీటర్ల నీళ్లు. అంటే 1 పీపీఎం క్లోరిన్ కావాలంటే 70 గ్రాములు. మీ మెషిన్ గంటకు 15 గ్రాములు, ఆరు గంటలకు 90 గ్రాములు, అంటే రోజుకు 1.3 పీపీఎం. స్టెబిలైజర్ సరిగ్గా ఉన్నా మన ఏప్రిల్, మే ఎండకు రోజుకు 3 నుంచి 4 పీపీఎం పోవడం నేను మామూలుగా చూస్తుంటాను. అంటే 210 నుంచి 280 గ్రాములు. మీకొచ్చేది 90. జనవరిలో ఈ 90 సరిపోయింది కాబట్టి మెషిన్ బాగా పనిచేసినట్టు అనిపించింది. ఏప్రిల్‌లో ఎండ పెరిగింది, నీళ్లు వేడెక్కాయి, పాచి పెరిగే వేగం పెరిగింది. మెషిన్ మాత్రం అదే 90 దగ్గర ఉంది. పచ్చబడక ఏం చేస్తుంది?

స్టెబిలైజర్ అసలు లేకపోతే పరిస్థితి ఇంకా అన్యాయం. నేరుగా ఎండ పడే నీళ్లలో అది లేకపోతే ఉన్న క్లోరిన్‌లో సగం ఒక గంటలోపే పోతుంది. మధ్యాహ్నం రెండింటికి పూల్‌లో ఏమీ మిగలదు. స్టెబిలైజర్ అంటే సయనూరిక్ యాసిడ్. అది క్లోరిన్‌ను పట్టుకుని, ఎండకు మాడకుండా కాపాడి, అవసరమైనప్పుడు కొద్దికొద్దిగా వదులుతుంది. మీరు మాత్రల క్లోరిన్ ఎప్పుడూ వాడలేదంటున్నారు. మాత్రల్లో వచ్చినట్టు ఉప్పు మెషిన్ నుంచి స్టెబిలైజర్ రాదు. కాబట్టి మీ నీళ్లలో అది సున్నా దగ్గరే ఉండొచ్చని నా అనుమానం. అనుమానంతో వేయొద్దు, ముందు పరీక్ష చేయండి. ఆ పరీక్షలో నీళ్లు తెల్లగా మబ్బుగా మారతాయి, గొట్టం అడుగున ఉన్న నల్ల చుక్క ఎక్కడ కనపడకుండా పోతే అదే రీడింగ్.

రెండు రంగుల సీసాల చిన్న కిట్, పసుపు రంగు చూసి క్లోరిన్ చెప్పేది, దీనికి చాలదు. అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది, పనిచేసే క్లోరిన్ ఎంతో చెప్పదు. చుక్కలు లెక్కపెట్టే రకం కిట్ కొనండి, పొడి వేస్తే గులాబీ రంగు వచ్చి, చుక్కలు వేస్తుంటే రంగు పోయేది. సెల్ ధరతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు. ఇంకో విషయం, క్లోరిన్ బాగా ఎక్కువైనప్పుడు గులాబీ రంగు వచ్చీ రాగానే మాయమైపోతుంది. చూసినవాళ్లు సున్నా ఉందనుకుని ఇంకా పోస్తారు. అనుమానం వస్తే మామూలు నీళ్లు కలిపి పలుచన చేసి మళ్లీ చూడాలి.

ఇక మైలుతుత్తం. మన దగ్గర ప్రతి ఎరువుల అంగడిలో దొరుకుతుంది, తోటలకు బోర్డో మిశ్రమంలో వాడతాం కాబట్టి దాని మీద నమ్మకం. రాగి పాచిని చంపుతుంది, నిజమే. కానీ రాగి ఎండకు పోదు, ఆవిరి కాదు, పూల్‌లోనే ఉండిపోతుంది. మీ పీహెచ్ 8.2 దగ్గర అది నీళ్లలో నిలవలేక గోడలకు, మెట్లకు నీలం, నలుపు మరకలుగా అంటుకుంటుంది. పెద్దవాళ్ల తెల్ల జుట్టు పచ్చగా మారడానికీ అదే కారణం. ఇప్పటికి రెండుసార్లు వేశారు, ఇక చాలు. పటిక విషయం వేరు. ఈదురుగాలికి ఎర్రమట్టి దుమ్ము పడి నీళ్లు మబ్బుగా ఉంటే పటిక దాన్ని అడుగుకు దించుతుంది, ఆ మడ్డిని ఫిల్టర్‌కు పంపకుండా బయటికి లాగేయాలి. పాచిని పటిక చంపదు. పైగా ఆల్కలినిటీని, పీహెచ్‌ను కిందికి లాగుతుంది, మీ రీడింగులు గజిబిజి అవుతాయి.

ఇప్పుడు పచ్చగా ఉన్న నీళ్లను బాగుచేసే వరుస చెబుతాను. ఈ వరుస మారిస్తే డబ్బు, శ్రమ రెండూ వృథా.

మొదట పీహెచ్‌ను యాసిడ్‌తో 7.2కి దించండి. ఇది మొదటే ఎందుకంటే క్లోరిన్ 10 దాటాక పీహెచ్ పరీక్షను నమ్మలేం. స్టెబిలైజర్ నిజంగా సున్నా ఉంటే 30 వరకు తీసుకురండి, మీ పూల్‌కు 2.1 కిలోలు. పాత సాక్స్‌లో పోసి, నీళ్లు తిరిగి వచ్చే పైపు ముందు వేలాడదీసి, మధ్యమధ్యలో పిసుకుతుంటే కరుగుతుంది. నేరుగా చల్లితే అడుగున కూర్చుంటుంది. పరీక్షలో పూర్తిగా కనపడటానికి వారం కూడా పట్టొచ్చు, తొందరపడి ఇంకా వేయకండి. చివరికి స్టెబిలైజర్ 70 ఉండాలి, కానీ అంతవరకు ఇప్పుడే ఎందుకు తేవొద్దంటున్నానంటే, స్టెబిలైజర్ ఎంత ఎక్కువుంటే పాచిని చంపడానికి అంత ఎక్కువ క్లోరిన్ కావాలి. సుమారుగా స్టెబిలైజర్‌లో 40 శాతం. 30 ఉంటే క్లోరిన్ 12కి తేవాలి. 70 ఉంటే 28కి తేవాలి. 10 శాతం హైపో (ద్రవ క్లోరిన్, సోడియం హైపోక్లోరైట్) అయితే మీ పూల్‌లో 1 పీపీఎంకు 700 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే మొదటిదానికి ఎనిమిదిన్నర లీటర్లు, రెండోదానికి దాదాపు 20 లీటర్లు. అదీ రోజూ తగ్గినంత మళ్లీ పోస్తూ ఉండాలి.

ఈ పని మెషిన్‌తో చేయించకండి. మెషిన్‌లో 'సూపర్' బటన్ నొక్కి రెండు రోజులు వదిలేస్తారు చాలామంది. సెల్ రోజూ చేసే పనికి తయారైంది, యుద్ధానికి కాదు. సెల్ ఆపేసి, హైపో పోసి, పంపు రాత్రీ పగలూ తిప్పండి. గోడలు, మెట్ల మూలలు, లైటు వెనక, నిచ్చెన కింద రోజూ బ్రష్ కొట్టండి. పాచి పైన జిగురు పొర ఉంటుంది, దాన్ని చీల్చకపోతే క్లోరిన్ లోపలికి పోదు. సాండ్ ఫిల్టర్ మీద ప్రెషర్ మామూలుకన్నా పావు వంతు పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లను ఫిల్టర్‌లో ఎదురు తిప్పి మురికిని బయటికి పంపండి. మొదటి రోజు పచ్చదనం బూడిద రంగులోకి మారుతుంది. అది చచ్చిన పాచి, మంచి గుర్తు.

ఆపాల్సింది ఎప్పుడంటే, నీళ్లు తేటగా అవ్వాలి, కలిసిపోయిన క్లోరిన్ (మురికితో కలిసి బలం పోయిన క్లోరిన్) 0.5 లోపు ఉండాలి, రాత్రి పరీక్ష పాస్ కావాలి. రాత్రి పరీక్ష అంటే, పొద్దు మునిగాక ఒకసారి క్లోరిన్ చూడండి, సెల్ ఆపే ఉంచండి, తెల్లవారి ఎండ రాకముందే మళ్లీ చూడండి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి క్లోరిన్ తగ్గిందంటే దాన్ని తింటున్నది పాచే. 1 పీపీఎంకన్నా ఎక్కువ తగ్గితే ఇంకా బతికే ఉంది. కంటికి నీళ్లు తేటగా కనపడగానే ఆపేసినవాళ్లకే పది రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది. మీ విషయంలో జరుగుతున్నది కూడా ఇదే అనుకుంటున్నాను.

అడుగు కనపడేవరకు పిల్లల్ని దిగనివ్వకండి. క్లోరిన్ గురించి కాదు ఈ మాట. పచ్చ నీళ్లలో మనిషి మునిగితే గట్టు మీద ఉన్నవాళ్లకు కనపడడు.

యాసిడ్, హైపో ఒకే గదిలో పక్కపక్కన పెట్టకండి, ఒకే మగ్గు వాడకండి. కొన్నేళ్ల కిందట నేను చూసుకునే ఒకచోట పనికుర్రాడు యాసిడ్ పోసిన బకెట్‌లోనే హైపో పోశాడు. పసుపుపచ్చ పొగ లేచింది. గాలి ఆడే చోటు కాబట్టి, వాడు వెంటనే పరిగెత్తాడు కాబట్టి బతికాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ కుర్రాడికి ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. అప్పటినుంచి రెండిటికీ వేరే రంగు మగ్గులు, వేరే తాళాలు పెట్టిస్తున్నాను. యాసిడ్‌ను నీళ్లలో పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు. క్లోరిన్ మాత్రలు, బ్లీచింగ్ పౌడర్ కూడా ఒకదానికొకటి తగలకూడదు, మంట లేస్తుంది.

పాచి సంగతి ఇది. మన సీమలో అసలు తలనొప్పి మాత్రం బోరు నీళ్లు. మీ సెల్ ప్లేట్ల మీద తెల్లగా పట్టిన గారకు కారణం అవే. గీజర్ రాడ్‌కు పట్టేది, సెల్‌కు పట్టేది ఒకటే, కాల్షియం కార్బొనేట్. క్లోరిన్ తయారయ్యేటప్పుడు ప్లేట్ల దగ్గర నీళ్ల పీహెచ్ బాగా పెరుగుతుంది, సున్నం ముందు అక్కడే దిగుతుంది.

నీళ్లు గార కడతాయా, లేక సిమెంటును తింటాయా అని చెప్పే ఒక సూచిక ఉంది. లాంజిలియర్ అనే అమెరికన్ ఇంజినీరు 1936లో ఇచ్చాడు. పీహెచ్, వేడి, కాల్షియం, ఆల్కలినిటీ, కరిగిన లవణాలు కలిపి లెక్కవేస్తే సున్నా దగ్గర ఉండాలి. మీ రీడింగులతో, నీళ్ల వేడి 33 డిగ్రీలు అనుకుని వేస్తే 1.6 దాకా వస్తోంది. అంటే మీ పూల్ ఒక పెద్ద గార బట్టీ. కానీ హార్డ్‌నెస్ 650 అలాగే ఉంచి, పీహెచ్ 7.5కి, ఆల్కలినిటీ 70కి తెచ్చి, స్టెబిలైజర్ 70 ఉందనుకుని అదే లెక్క వేస్తే 0.1 దగ్గరికి దిగుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే చాలు, 70 వేల లీటర్లు వదిలేసి మళ్లీ అదే బోరు నీళ్లు నింపే పని తప్పుతుంది. హార్డ్‌నెస్‌ను రసాయనంతో తేలిగ్గా దించలేం. ఆల్కలినిటీని దించగలం.

ఆల్కలినిటీ ఎక్కువుంటే పీహెచ్ రోజూ ఎందుకు పైకి పోతుందో చెబుతాను. గోలీసోడా కొట్టగానే గ్యాస్ పోతుంది కదా, అలాగే నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంటుంది. అది పోయేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు నీళ్లను కలియబెట్టి ఆ గ్యాస్‌ను ఇంకా తోసేస్తాయి. ఆల్కలినిటీ ఎంత ఎక్కువుంటే బయటికి పోవడానికి అంత గ్యాస్ ఉంటుంది. కాబట్టి ఉప్పు పూల్‌కు 60 నుంచి 80 మధ్య ఉంచాలి. మామూలు పూల్‌కు చెప్పే 120 మాట మీకు వద్దు. వంట సోడా వేయమని ఎవరైనా చెబితే అసలు వినకండి, అది ఆల్కలినిటీ పెంచేది.

మీ పూల్‌లో 10 పీపీఎం తగ్గాలంటే అంగడిలో దొరికే 33 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ లీటరు 300 మిల్లీలీటర్లు కావాలి. 300 నుంచి 80కి రావాలంటే 28, 29 లీటర్లు. ఒకేసారి కాదు! పీహెచ్ 7.2 వరకు దించేంత పోయండి, ఫౌంటెన్ ఉంటే తిప్పండి, లేదా పైపు మూతి పైకి తిప్పి నీళ్లు ఎగిరేలా చేయండి. పీహెచ్ మళ్లీ 7.8కి వచ్చాక మళ్లీ పోయండి. రెండు, మూడు వారాలు పడుతుంది. ఈ రెండు మూడు వారాల ఓపిక తర్వాత రెండేళ్లు నిలబడుతుంది.

అక్కడితో అయిపోదు. మే నెలలో రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైపోయినా మీ పూల్‌కు రోజుకు 350 లీటర్లు, నెలకు పదిన్నర వేల లీటర్లు. ఆవిరయ్యేది ఉత్త నీరే, కాల్షియం అంతా పూల్‌లోనే ఉంటుంది. మీ బోరు నీళ్ల హార్డ్‌నెస్ 500 అనుకుంటే నెలకు 75 పీపీఎం చేరుతుంది. బోరు ఆల్కలినిటీ 300 అయితే అదీ నెలకు 45 చేరుతుంది, దాన్ని దించడానికే ఆరు లీటర్ల యాసిడ్. వారానికి లీటరున్నర లెక్క పెట్టుకోండి. బ్లీచింగ్ పౌడర్ వద్దనేది కూడా అందుకే, అందులో ఉండే సున్నం మళ్లీ కాల్షియమే.

వానాకాలంలో మిద్దె మీద నీళ్లను పూల్‌లోకి మళ్లించడం నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది. అనంతపురానికి ఏడాదికి పడేది దాదాపు 550 మిల్లీమీటర్లే, నిజమే. కానీ వంద చదరపు మీటర్ల మిద్దె ఉంటే, కొంత పోయినా 40 వేల లీటర్లు చేతికొస్తాయి. దాంట్లో కాల్షియం దాదాపు ఉండదు. మొదటి వాన దుమ్ము వదిలేసి, తర్వాతి నీళ్లు ఒక సంపులో పట్టుకోండి. లేదంటే టాప్‌అప్ పైపుకు మాత్రం ఒక సాఫ్ట్‌నర్ పెట్టించండి, పూల్ మొత్తానికి అక్కర్లేదు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీస్తుంది, ఆల్కలినిటీ తీయదు, యాసిడ్ పని ఉంటుంది. రాత్రిళ్లు పూల్ మీద కవర్ కప్పితే ఆవిరి బాగా తగ్గుతుంది. నీటికి ఇంత కరువున్న జిల్లాలో పూల్ పెట్టుకున్నప్పుడు ఈ కవర్ కొనడం మన బాధ్యత అని నా అభిప్రాయం.

సెల్ శుభ్రం చేయడం: విప్పి చూడండి, ప్లేట్ల మధ్య తెల్లగా ఉంటేనే. నాలుగు పాళ్ల నీళ్లలో ఒక పాలు యాసిడ్ కలిపి, పది పదిహేను నిమిషాలు, నురుగు ఆగేవరకు. ఇనుప చువ్వతో గీకకండి, ప్లేట్ల మీద పూత పోతే సెల్ నిజంగానే పోతుంది. అవసరం లేకుండా నెలనెలా యాసిడ్‌లో ముంచినా ఆ పూతే అరుగుతుంది.

నీళ్లు బాగయ్యాక స్టెబిలైజర్ 70కి తెండి, ఇంకో 2.8 కిలోలు. అప్పుడు క్లోరిన్ 5 దగ్గర ఉంచండి, ఎప్పుడూ 4కి తగ్గనివ్వకండి. మార్చి నుంచి జూన్ వరకు మెషిన్ 14 నుంచి 16 గంటలు తిరగాలి. అంతసేపు కరెంటు ఉండదు, లేదా బిల్లు భారమనుకుంటే పది గంటలు తిప్పి, సాయంత్రం లీటరు హైపో పోయండి. అది 1.4 పీపీఎం. హైపో డబ్బాలు నెలలకు సరిపడా కొనకండి, మన ఎండకు షెడ్డులో పెట్టిన 10 శాతం డబ్బా చూస్తుండగానే బలం పోగొట్టుకుంటుంది. కొత్త సెల్ కొనే రోజు వస్తే 15 కాదు, 25 గ్రాములది తీసుకోండి.

ఉప్పు 3400 బాగుంది, ఇక వేయొద్దు. ఎప్పుడైనా వేయాల్సి వస్తే ముందు కొలవండి. మన బోర్లలోనే కొంత ఉప్పు ఉంటుంది, బస్తా లెక్కన వేసి 5000 దాటించినవాళ్లను చూశాను. అయోడిన్ కలపని, శుభ్రం చేసిన ఉప్పు చాలు.

గట్టు మీద బండలు తెల్లబడి పొరలు లేస్తున్నాయన్నారు, ఫొటో కూడా పెట్టారు. అది కడప బండ. కడప బండ, తాడిపత్రి బండ, బేతంచర్ల బండ అన్నీ సున్నపురాయి జాతి. యాసిడ్ చుక్క పడితే నురగ వస్తుంది, ఉప్పు నీళ్లు రంధ్రాల్లో ఆరి గట్టిపడితే పొర లేస్తుంది. మన ఊరి రాయి మీద నాకూ మమకారమే, కానీ ఉప్పు పూల్ అంచుకు అది పనికిరాదు. అంచు వరకైనా గ్రానైట్ వేయించుకోండి. అంతవరకు యాసిడ్ పోసేటప్పుడు గట్టుకు దూరంగా, నీళ్లకు దగ్గరగా వంగి పోసి, తర్వాత బండల్ని మంచినీళ్లతో కడగండి.

చివరగా బ్యాక్‌వాష్ నీళ్లు. పైపు చీనీ (బత్తాయి) చెట్ల పాదుల్లోకి పోతున్నట్టు ఫొటోలో కనిపిస్తోంది. దాన్ని ఈరోజే మార్చండి. చీనీకి ఉప్పు అసలు పడదు, ఆకు అంచులు మాడి, చెట్టే ఎండుతుంది. కొబ్బరి చెట్టు కొంత తట్టుకుంటుంది, పైపు అటు తిప్పండి. రెండు మూడుసార్లకు ఒకసారి అక్కడ మామూలు నీళ్లు కూడా నిండుగా పారించండి.